బదులు మనిషి

బుధవారం టీ వంతు లొరైన్ హెప్‌వర్త్‌ది. పద్నాలుగు కప్పులు. ఎవరికి పాలెక్కువ, ఎవరికి చక్కెర వద్దు, ఎవరి టీలో రంగు కాస్త ముదిరినా మొహం మాడుతుంది, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇంగ్లండులోని మా డాంకాస్టర్‌లో మనుషులు ఒకరి మీద ఒకరికున్న అభిమానం నోటితో చెప్పుకోరు. అడక్కుండానే కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి పోతారు, అంతే.

స్టేషన్ వెనక ఉన్న ఆ ఆఫీసులో రైల్వే సిగ్నళ్ళ వైరింగు బొమ్మలు గీస్తారు. లొరైన్ గీయదు. గీసినవాళ్ళు ఎక్కడ తప్పారో చూస్తుంది. పెద్ద కాగితం మీద కొత్తగా వెయ్యాల్సిన తీగలన్నీ ఎర్రగీతలు, పీకేయాల్సినవన్నీ ఆకుపచ్చ గీతలు. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారం ఆకుపచ్చ అంటే 'సరే' అనుకుని బోల్తా పడతాడు. ఒక్కో తీగనూ ఈ కొసనుంచి ఆ కొసదాకా వేలితో వెంబడించి, సరిగ్గా ఉంటే దాని మీద పసుపు పెన్నుతో గీసుకుంటూ పోవాలి. బొమ్మంతా పసుపు పట్టాక కింద సంతకం. తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

ట్రే పట్టుకుని వచ్చేసరికి ఆఫీసులో పదకొండు ఫోన్లు ఒకేసారి గుర్రుమన్నాయి. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు సరిగ్గా పదకొండు మంది.

వాళ్ళను ఈ ఆఫీసుకు పనికి పంపే ఏజెన్సీ నుంచి ఉత్తరం. ఇన్నాళ్ళూ తామే నేరుగా ఇస్తున్న జీతం ఇకమీదట ఇవ్వరట. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా ప్రతివారూ రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. అంబ్రెల్లా కంపెనీలో చేరతారా, సొంతంగా లిమిటెడ్ కంపెనీ పెట్టుకుంటారా. తేల్చుకోనివారి ఒప్పందం ఆ రోజుతో సరి.

"ఏం డంకన్, ఇదేమన్నా నీకు ముందే తెలుసా?" అంది లొరైన్, ఆఫీసు మేనేజరు ముందు అతని కప్పు పెడుతూ.

"నాకెవడు చెప్తాడు? నేనూ మీతోపాటే చూశా," అన్నాడు డంకన్. ఆ చెప్పడంలోనే అతనికి నిన్నటినుంచీ తెలుసని తెలిసిపోయింది. "ఏదో ఒకటి తీసుకో. నాకు రెండూ ఒకటే. నువ్వు ఆ కిటికీ దగ్గర కూర్చుంటే చాలు నాకు."

కిటికీ దగ్గర కుర్చీ మూడు నెలల కిందటిదాకా ఐవర్ పాస్క్‌ది. లొరైన్‌కు ఈ పని నేర్పినవాడు అతనే. గుండెకు స్టెంటు వేయించుకుని ఆరు వారాలు రాలేకపోయాడు. రెండో వారంలోనే డంకన్ ఆమె దగ్గరకొచ్చి, "కుర్చీ ఖాళీగా ఉంచలేను, పని ఆగదుగా, నువ్వక్కడికి మారిపో" అన్నాడు. మారిపోయింది. ఆరు వారాల తర్వాత ఐవర్ ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నారు. అప్పటినుంచీ ఆ కిటికీలోంచి వెలుతురు పడ్డప్పుడల్లా ఆమెకు వీపు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది.

*

"ఇంత ఆలోచనెందుకు లొరీ, కళ్ళముందు కనపడుతుంటే," అన్నాడు కీత్. వంటింటి బల్ల మీద పాత కరెంటు బిల్లు తిరగేసి దాని వెనక రెండు నిలువు గీతలు గీశాడు. అతను లారీ నడుపుతాడు. మోకాలు అరిగి, క్లచ్ తొక్కినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకుంటున్నాడు. "ఇటు అంబ్రెల్లా. నువ్వు వాళ్ళ ఉద్యోగివి. సెలవు జీతం ఉంది, ఒళ్ళు బాగోకపోతే అంతో ఇంతో ఇస్తారు. బానే ఉంది. కానీ యజమాని కట్టాల్సిన పన్ను కూడా నీ డబ్బులోంచే పట్టుకుంటారు. పైన వాళ్ళ కూలి వేరే. అంటే నీకు యజమాని ఉన్నాడు, కానీ వాడి ఖర్చంతా నువ్వే భరిస్తున్నావు."

"గొడుగు పట్టేవాడికి కూలి ఇవ్వద్దూ మరి."

"వాన మాత్రం నీ మీదే పడుతుంది. ఇటు చూడు, లిమిటెడ్. నువ్వే కంపెనీ. నువ్వే డైరెక్టరు, నువ్వే గుమస్తా. సెలవు పెడితే ఎవడూ పైసా ఇవ్వడు. కానీ నెల తిరిగేసరికి ఇంత మిగులుతుంది." అంకె కింద రెండుసార్లు గీశాడు. తర్వాత కాగితం వంకే చూస్తూ, "నేను శనివారం ట్రిప్పులు మానేయొచ్చు" అన్నాడు.

అతను అడగడం అదే మొదటిసారి. లొరైన్ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఏజెన్సీలో జెస్ అనే అమ్మాయి ఫోన్లో గడగడా అప్పజెప్పింది. "లిమిటెడ్ అయితే మీరు ఆ ఆఫీసు మనిషి కాదని రుజువు కావాలండీ. పన్నువాళ్ళు అదే చూస్తారు. మీరెలా పనిచెయ్యాలో వాళ్ళు మీకు చెప్పకూడదు. మీ పని మీద వాళ్ళు అజమాయిషీ చెయ్యకూడదు. తప్పు జరిగితే మీ ఖర్చుతో మీరే దిద్దాలి. ఆఫీసు గ్రూపు ఫొటోల్లో, క్రిస్మస్ భోజనాల్లో ఉండకపోతే మంచిది. ఆ, టీ వంతుల జాబితా ఉందా అక్కడ?"

"ఉంది."

"పేరు తీయించెయ్యండి."

లొరైన్ నవ్వేసింది. జెస్ నవ్వలేదు. "కిందటేడు ఒకాయన పుట్టినరోజు కేకు తిన్న ఫొటో తెచ్చి చూపించారండీ," అంది. నిజమో, తమాషాకన్నదో ఇప్పటికీ తెలియదు.

*

గురువారం పని అయ్యాక లొరైన్ ఐవర్ ఇంటికి వెళ్ళింది. మూడు నెలల్లో ఇది రెండోసారి. తలుపు తీసిన మనిషి చొక్కా లోపల సగమయ్యాడు గానీ, చూపు మాత్రం అదే. ఎదుటివాళ్ళ మొహంలోనూ తప్పు తీగ ఎక్కడుందా అని వెతుకుతున్నట్టుంటుంది.

"రామ్మాయ్. కెటిల్ పెట్టుకో, నాకు కాఫీ మాన్పించారు, టీ మాత్రం మాననని చెప్పా."

భోజనాల బల్ల నిండా పాత బొమ్మలు. పదిహేనేళ్ళ కిందట గీసి, ఎప్పుడో బిగించి, మళ్ళీ పీకేసిన సిగ్నళ్ళవి. వాటి మీద కొత్తగా పసుపు పూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు ఐవర్ ఇది?"

"చెయ్యి మొద్దుబారకుండా చూసుకుంటున్నా." అన్నాడు. తర్వాత బల్ల సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం తీసి ఆమె ముందుకు తోశాడు. లాగ్ పుస్తకం. సరిచూసేవాళ్ళు ఏ రోజు ఏ బొమ్మ చూశారో అందులో రాసుకుంటారు, అదే లైసెన్సున్న మరొకరు ఆ పనిని చూసి పక్కన సంతకం చేస్తారు. ఐవర్ లైసెన్సు గడువు వచ్చే వారం శుక్రవారంతో తీరిపోతుంది. పొడిగించాలంటే ఈ మూడు నెలల్లో కనీసం ఐదు రోజుల పని ఉండాలి. పుస్తకంలో ఆఖరి మూడు పేజీలూ తెల్లగా ఉన్నాయి.

"గడువు దాటితే?"

"మొదట్నుంచీ పరీక్ష రాయాలి. అరవై ఆరేళ్ళ వాణ్ణి ఎవడు పంపుతాడు పరీక్షకి? పాత సామానుతో పాటు నన్నూ పీకేస్తారు." తన మీద తనే ఆకుపచ్చ గీత గీసుకుంటున్నట్టు గాల్లో వేలు ఆడించాడు. "ఐదు ఆఫీసులకి ఫోన్ చేశా. గుండె మాట చెప్పగానే మళ్ళీ చేస్తామంటారు. చెయ్యరు."

లొరైన్ టీ తాగలేకపోయింది. మాట మార్చడానికి సంచిలోంచి ఏజెన్సీ పంపిన రెండు ఒప్పందాలూ తీసి, ఏది తీసుకోమంటారో చెప్పమంది. ఐవర్ అంబ్రెల్లా కాగితాన్ని చూడనే లేదు. "ఇది నా దగ్గరా ఉంది. మీలా కాదు, నేను మొదట్నుంచీ దాని కిందే ఉన్నా కదా. ఆరు వారాల్లో దాన్నుంచి రాలిందీ, మిగిలిందీ నాకు తెలుసు." లిమిటెడ్ కాగితాన్ని మాత్రం బొమ్మ చూసినట్టే వేలు పెట్టి చదివాడు. తొమ్మిదో షరతు దగ్గర వేలు దాటిపోయింది గానీ లొరైన్ చూపు అక్కడే ఆగిపోయింది.

'కంపెనీ తన ఇష్టప్రకారం, తగిన అర్హత గల ఏ వ్యక్తినైనా లొరైన్ హెప్‌వర్త్‌కు బదులుగా పనికి పంపవచ్చును. అందుకు ఆఫీసు అభ్యంతరం చెప్పరాదు.'

"ఐవర్, ఇది చదవండి మళ్ళీ."

"చదివా. ఈ ముక్క అందరి కాగితాల్లోనూ ఉంటుంది. ఎవడూ పంపిన పాపాన పోలేదు. పన్నువాళ్ళకి చూపించడానికి పెడతారు."

"అంబ్రెల్లాలో చేరితే నేనే వెళ్ళాలి. ఇందులో అయితే నాకు బదులు మిమ్మల్ని పంపొచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా. ఐదు రోజులు. రోజూ నాలుగింటికి నేనొచ్చి మీరు చూసినవి చూసి సంతకం పెడతా."

ఐవర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పసుపు పెన్ను ఎలా పట్టుకోవాలో నీకు నేర్పింది నేను. ఇప్పుడు నీకు నేను బదులా?"

"అవును. పౌరుషమా, లైసెన్సా? ఏది కావాలో రేపు పన్నెండులోగా తేల్చుకోండి. నాకూ అదే గడువు."

అతను నవ్వాడు. నవ్వుకు దగ్గొచ్చి, దగ్గు తగ్గాక, "సోమవారం ఎన్నింటికి వెళ్ళాలి డైరెక్టరు గారూ?" అన్నాడు.

*

శుక్రవారం పదకొండున్నరకు లొరైన్ లిమిటెడ్ మీద సంతకం చేసింది. డబ్బు కోసం తీసుకుందని అందరూ అనుకున్నారు. కీత్ కూడా అలాగే అనుకుని సంతోషపడ్డాడు, ఆమె కాదనలేదు. డంకన్ తన వైపు పదకొండు ఒప్పందాల మీదా ఫోన్లో మాట్లాడుతూనే సంతకాలు గిలికేశాడు.

సోమవారం తొమ్మిదీ ఐదుకు ఆమె ఫోన్ మోగింది.

"లొరైన్, కింద రిసెప్షన్లో ఐవర్ నిలబడి ఉన్నాడు. నీకు బదులొచ్చానంటున్నాడు. ఏంటీ కథ?"

"తొమ్మిదో షరతు."

"ఏ తొమ్మిదో షరతు?"

"నువ్వు సంతకం పెట్టిందే. కావాలంటే చదువుతా విను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.  "అది రాయడానికి రాసింది లొరైన్! దాన్ని నిజంగా ఎవరైనా వాడతారా?"

"వాడకూడదంటే చెప్పు. ఆ షరతు ఉత్తుత్తిదని రాసివ్వు. లిమిటెడ్ తీసుకున్న మిగతావాళ్ళ కాగితాలూ ఉత్తుత్తివే అవుతాయి. అప్పుడు పైవాళ్ళకి సమాధానం నువ్వే చెప్పుకుంటావు."

"ఆయన గుండె..."

"డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయన జేబులో ఉంది. లైసెన్సూ ఉంది. తగిన అర్హత గల వ్యక్తి."

డంకన్ ఏదో గొణిగాడు. అంతలో ఫోన్ పక్కనే ఐవర్ గొంతు వినిపించింది. "నేను నిలబడలేను డంకన్, మీ కుర్చీలేవీ ఇంకా బాగుచేయించలేదా?"

ఆ సాయంత్రం నాలుగింటికి లొరైన్ ఆఫీసుకు వెళ్ళేసరికి కిటికీ దగ్గర ఐవర్ కూర్చుని ఉన్నాడు. మోచేతులు బల్ల మీద ఆన్చి, స్కేలు జరుపుకుంటూ, పెదాలతో నంబర్లు గొణుక్కుంటూ. పక్కన మూడు టీ కప్పులు. ఎవరు తెచ్చిపెట్టారో, మూడూ తాగాడు. అతను చూసిన బొమ్మల్లో నాలుగు తీసుకుని ఆమె మళ్ళీ తీగతీగా చూసింది. ఒక్క పొల్లు లేదు. నీలం పుస్తకంలో తేదీ పక్కన సంతకం పెట్టింది. గురువు పనిని శిష్యురాలు ధ్రువీకరించడం ఆమెకు సిగ్గుగానూ, చెప్పలేనంత గర్వంగానూ ఉంది.

మంగళవారమూ అలాగే గడిచింది. కీత్‌కు మాత్రం ఆ రోజు రాత్రి అన్నం దగ్గర నిజం చెప్పక తప్పలేదు. "అయితే ఈ వారం డబ్బు ఐవర్‌కా?" అన్నాడు. అవునంది. అతను బంగాళాదుంప చిదుముతూ, "ఒక్క వారమేగా" అన్నాడు.

*

బుధవారం నాలుగింటికి ఐవర్ పెన్ను పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పని చేసే చోట అతను ఖాళీగా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఒంట్లో బాగోలేదా?"

"నా ఒంటికేం. కుర్చీ లాక్కుని కూర్చో."

అతని ముందు రెండు బొమ్మలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. పద్నాలుగో నంబరు, ముప్పై ఒకటో నంబరు. రెండిటికీ నిండా పసుపు. రెండిటి కిందా నెల కిందటి తేదీ, లొరైన్ సంతకం. ఐవర్ ఒక దాని మీద ఎడమచేతి వేలు, రెండో దాని మీద కుడిచేతి వేలు ఆన్చాడు.  తొమ్మిదేళ్ళ కిందటా ఇలాగే చేసేవాడు. తప్పు చెప్పడు, వేలు పెడతాడు.

పట్టాల పక్క పెట్టెల్లో ఉండే కరెంటు మీట రిలేకి, తీగలు కలిపే కాంటాక్టులు కొన్నుంటాయి. ఒక్కో కాంటాక్టును ఒక్క తీగల దారికే వాడాలి. పద్నాలుగో బొమ్మలో ఒక రిలే మూడో కాంటాక్టు ఒక సిగ్నల్‌కు కట్టి ఉంది. ముప్పై ఒకటో బొమ్మలో అదే రిలే అదే మూడో కాంటాక్టు వేరే సిగ్నల్‌కు. దేనికది విడిగా చూస్తే రెండూ తప్పులేనివే. ఆమె విడివిడిగా, రెండు వేరే రోజుల్లో చూసింది. రెంటినీ కలిపి చూపే కాంటాక్టుల పట్టికను తెరవలేదు. ఆ వారం రోజుకు ఇరవై బొమ్మలు తోసేశారు ఆమె మీదికి. అయినా అది తెరవకపోవడానికి కారణం కాదని ఆమెకూ తెలుసు.

ఆదివారం లైను మూసి ఈ బొమ్మల ప్రకారం తీగలు బిగిస్తారు. లొరైన్ అప్పుడు తెరవని ఆ పట్టికను లాగి ముందు పెట్టుకుంది.

"తీగలు బిగించాక చేసే పరీక్షల్లో దొరికేది," అంది చిన్నగా.

"దొరికేదే, బహుశా."

 సరిచెయ్యడం ఎంతసేపు? ఒక అంకె మార్చాలి, మూడో కాంటాక్టు బదులు ఖాళీగా ఉన్న ఐదోది. పది నిమిషాలు. ఇప్పటిదాకా చూసింది ఐవర్ ఒక్కడే.

కానీ సంతకమైన బొమ్మలో తప్పు దొరికితే దానికో కాగితం ఉంది. దొరికిన రోజే రాయాలి. రాసిన క్షణం నుంచి మొదట సంతకం పెట్టినవాళ్ళు విచారణ తేలేదాకా, అంటే మూడు వారాలు తక్కువ కాకుండా, ఏ బొమ్మనూ చూడకూడదు. ఏ పుస్తకంలోనూ సంతకం చెయ్యకూడదు.

"రాయలేదింకా," అన్నాడు ఐవర్. "నీతో చెప్పకుండా రాయడం మర్యాద కాదని ఆగా. నువ్వు ఆపుతావేమోనని కాదు."

"నేను రాస్తే మీ పుస్తకంలో సంతకం ఎవరు పెడతారు? రెండు రోజులే అయ్యాయి. ఇంకా మూడు కావాలి." ఆమె గొంతు తగ్గించింది. "శుక్రవారం సాయంత్రం రాద్దాం ఐవర్. బొమ్మ ఇప్పుడే దిద్దేద్దాం. సంతకాలయ్యాక కాగితం. ఎవరికీ నష్టం లేదు. నాకేమీ తప్పించుకోవాలని లేదు, మీ కోసమే అంటున్నా."

"తెలుసు."

"మరి?"

"తప్పు దొరికితే రాసే మనిషని నమ్మే ఆ లైసెన్సు ఇచ్చారమ్మాయ్. రాయకుండా దాన్ని నిలబెట్టుకుంటే, చేతిలో ఉన్నదేంటి ఇక?"

కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. అతనికి అది ఎంత కావాలో ఆ బల్ల నిండా పాత బొమ్మలు చూసిన ఆమెకు తెలుసు. లొరైన్ సొరుగు లాగి కాగితం తీసింది. 'తప్పు కనుగొన్నవారు: ఐ. పాస్క్' అని రాసింది. 'మొదట సరిచూసినవారు' అన్న చోట తన పేరు రాసుకుంది. పెన్ను ఆగకుండా రాసినందుకు తన మీద తనకే కొంచెం గౌరవం కలిగింది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. ఐవర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

*

గురువారం పొద్దున డంకన్ తలుపు మూసి, ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"పెద్ద ప్రమాదం తప్పింది," అన్నాడు. "నీ మీద నాకేం కోపం లేదు లొరైన్. రోజుకి ఇరవై తోసింది నేనే. విచారణలో అదీ చెప్తా."

"చెప్పు. ఇంకోటి కూడా చెయ్యి. ఐవర్ పుస్తకంలో నువ్వు సంతకం పెట్టు. నిన్నటిది, ఇవాళ్టిది, రేపటిది. నేను కాకపోతే ఇక్కడ ఆ లైసెన్సున్నది నీకొక్కడికేగా."

డంకన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పెట్టలేను."

"పెట్టవా, పెట్టలేవా?"

"పెట్టలేను. ఆ సంతకం అర్థమేంటి? ఈ మనిషి నా అజమాయిషీలో పనిచేశాడని. మీ కంపెనీ మనిషి మీద నేను అజమాయిషీ చెయ్యడం లేదని నేనే రాసిచ్చా కదా. ఒకచోట చెయ్యలేదని, ఇంకోచోట చేశానని సంతకాలు పెడితే పైనున్న లాయరమ్మ నన్ను నమిలేస్తుంది. మా మనుషులయితే పెడతా. మీరు మా మనుషులు కాదు. అలా అని నువ్వే కదా ఎంచుకున్నావు, శుక్రవారం?"

లొరైన్‌కు నవ్వొచ్చింది. ఐవర్‌ను లోపలికి తెచ్చిన కాగితమే ఇప్పుడు ఐవర్‌ను బయటికి తోస్తోంది.

"అంబ్రెల్లా మీద వచ్చినవాళ్ళయితే?"

"వాళ్ళయితే నా కింద పనిచేసినట్టే. అజమాయిషీ చెయ్యొచ్చు, సంతకం పెట్టొచ్చు. కానీ ఇప్పుడెక్కడ కుదురుతుంది? వాళ్ళు ఐవర్‌ని చేర్చుకోవాలంటే వారం పడుతుంది."

లొరైన్ అక్కడే నిలబడి జెస్‌కు ఫోన్ చేసింది. జెస్ అంబ్రెల్లా వాళ్ళను ఇంకో లైన్లో అడిగి వచ్చింది. "ఐవర్ పాస్క్... ఉన్నారండీ. వాళ్ళ లెక్కలో ఇంకా ఉద్యోగే. పని లేదని జీతం ఆపారు గానీ తీసేసిన కాగితం ఎవరూ పంపలేదట. మర్చిపోయారు."

"చూశావా, మూడు నెలలుగా ఆయనకి ఉద్యోగం ఉంది, ఆయనకే తెలీదు," అంది లొరైన్ డంకన్‌తో.

డంకన్ నవ్వలేదు. కాగితం మీద ఏదో లెక్క చూసుకుంటున్నాడు. ఆదివారం పని ఆగకూడదు. ఇంకా పదిహేడు బొమ్మలున్నాయి. తను పసుపు పెన్ను పట్టి ఏళ్ళయింది, చూడగలిగినవాడు ఐవర్ ఒక్కడే. "ఒక చిక్కుంది," అన్నాడు. "ఆ కుర్చీకి డబ్బిచ్చే ఆర్డరు ఒకటే. దాని మీద మీ కంపెనీ ఉంది. నీ ఒప్పందం ముగిస్తే తప్ప ఐవర్ పేరు ఎక్కించలేను. ముగిస్తే నిన్నటి పని లెక్క ఇంకా పంపలేదు కాబట్టి అదీ ఆయన అంబ్రెల్లా కిందే వేయొచ్చు. కానీ విచారణ అయ్యాక నిన్ను తీసుకోవాలని ఎక్కడా ఉండదు. బాగా ఆలోచించుకో. ఇలాగే ఉంటే మూడు వారాల తర్వాత కుర్చీ నీదే."

శనివారం ట్రిప్పులు, కీత్ మోకాలు, కరెంటు బిల్లు వెనక రెండుసార్లు గీసిన అంకె. అన్నీ ఆమె కళ్ళముందుకొచ్చాయి. కీత్‌కు ఫోన్ చేద్దామని బయటికి వెళ్ళింది. మెట్ల దగ్గర నిలబడి అంతా చెప్పింది. అవతల లారీ పక్కన ఆపి ఇంజను కట్టేసిన చప్పుడైంది.

"నువ్వా కుర్చీలోకి మారినప్పటినుంచీ సరిగ్గా నిద్రపోవట్లేదు లొరీ," అన్నాడు. "మోకాలిదేముంది, పట్టీ కట్టుకుంటా. ఇచ్చెయ్."

ఆమె లోపలికెళ్ళి ఆరు రోజుల వయసున్న ఒప్పందం ముగించే కాగితం మీద సంతకం చేసింది. తన పేరు కూడా అంబ్రెల్లాలోనే రాయించుకుంది, పనేమీ లేని ఉద్యోగిగా. "ఇద్దరూ ఒకే గొడుగు కిందికొచ్చారండీ," అంది జెస్ ఫోన్లో. ఈసారి ఆ పిల్ల నవ్వింది.

*

శుక్రవారం పొద్దుటినుంచీ లొరైన్‌కు ఇంట్లో చెయ్యడానికి ఏమీ లేదు. అల్మరాలన్నీ సర్దింది. నాలుగైంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఐదున్నరకు తలుపు చప్పుడైంది.

ఐవర్ కోటు కూడా విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని నీలం పుస్తకం తెరిచి చూపించాడు. ఐదు తేదీలు. రెండు ఆమె సంతకాలు, మూడు డంకన్‌వి. లైసెన్సు ఆఫీసుకు మధ్యాహ్నమే పంపారట, అందినట్టు జవాబు కూడా వచ్చిందట. ఇంకో ఐదేళ్ళు.

"డంకన్ పదిహేడు బొమ్మలూ నా పక్కన కూర్చుని చూశాడు. చెయ్యి బాగా మొద్దుబారింది వాడికి," అన్నాడు ఐవర్. తర్వాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తిప్పసాగాడు. "వెళ్ళబోతుంటే పిలిచాడు. విచారణ సంగతి ఎప్పటికి తేలుతుందో తెలీదు, ఇలాగే కొనసాగండి, మీకు కుదిరినంత కాలం, అన్నాడు. కుర్చీ ఖాళీగా ఉంచలేనన్నాడు."

లొరైన్ కెటిల్ వైపు తిరిగింది. ఇది వస్తుందని తెలుసు. తెలిసే సంతకం పెట్టింది. అయినా కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. "మంచిదే కదా," అంది. "మీరు దానికి తగినవాళ్ళు."

"లొరైన్ వచ్చేదాకా కూర్చుంటా అన్నా. ఆమె వచ్చిన రోజు పొద్దున లేచిపోతా. అందుకు ఒప్పుకుంటేనే సోమవారం వస్తా, లేకపోతే ఆదివారం పనికి ఏ బొమ్మా నా సంతకంతో బయటికి పోదన్నా."

ఆమె తిరిగి చూసింది. "ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. అందరూ విన్నారు."

కెటిల్ మరిగి దానంతటదే ఆగింది. లొరైన్ టీ పోయలేదు. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. మూడు నెలలుగా గొంతులో ఉన్నది ఇక ఆగలేదు.

"మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు డంకన్ నన్నూ అలాగే అడిగాడు ఐవర్. మీరు వచ్చేదాకా అని నేననలేదు. లేచెళ్ళి కూర్చున్నా, అంతే. ఆ ఒక్క మాట అనొచ్చని కూడా నాకు తోచలేదు."

ఐవర్ ఒళ్ళో టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఆ మాట కోసం ఆరు వారాలు ఎదురు చూశానమ్మాయ్," అన్నాడు. "అందుకే ఇవాళ అడగ్గానే నాకు తోచింది."

ఆమె చెయ్యి బల్ల మీద ఉంది. అతను దాన్ని రెండుసార్లు తట్టి, ఇంత చల్లగా ఉన్నాయేం చేతులు, టీ పొయ్యి, అన్నాడు.